తల్లి చేతి నుంచి అందుకున్న సేవ: మాసూమా బేగం గారి జీవితం

సంఘసేవ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది మసీదు కమిటీ పెద్దలు, రసీదు పుస్తకం పట్టుకుని చందాలకు తిరిగే కుర్రవాళ్ళు, వేదిక మీద వరుసగా కూర్చున్న మగవాళ్ళు. వాళ్ళ శ్రమను తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ ఇంటింటా ఉన్న తల్లులు ఆ వరుసలో ఎందుకు కనబడరు అన్న ప్రశ్న ఒకటి ఉండనే ఉంది. ఆ ప్రశ్నకు 60 ఏళ్ళకు పైగా తన జీవితంతోనే జవాబు చెప్పిన ఒక తల్లి మన రాష్ట్రంలో ఉండింది. ఆమె మాసూమా బేగం గారు. 1901లో హైదరాబాదులో పుట్టి, 1990లో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన తొలి ముస్లిం మహిళ ఆమే. ఆ పదవి ఉన్నది రెండేళ్ళు మాత్రమే. పదవి లేకుండా చేసిన పనే ఎక్కువ. అందుకనే ఆమె కథ మన పిల్లలకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు తెలియవలసి ఉంది.

పుట్టిన ఇల్లు

మాసూమా బేగం గారిది చదువుల ఇల్లు. తల్లికి తండ్రి, అంటే ఆమెకు నానా, ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ. సాలార్ జంగ్ కాలంలో ఉత్తరాది నుంచి హైదరాబాదు వచ్చి, నిజాం రాజ్యంలో విద్యాశాఖను నడిపిన వారు. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం వెనుక ఉన్న పెద్దల్లో ఆయన ఒకరు. 1907లో లండన్‌లోని భారత మంత్రి సలహా మండలిలో స్థానం పొందిన తొలి భారతీయులు ఇద్దరిలో ఒకరు కూడా. అంత హోదా ఉన్న మనిషి కూతురిని చదివించడానికి వెనకాడలేదు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఆ కూతురు తయ్యబా బేగం. మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చుని పట్టభద్రురాలైన తొలి ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. ఖదీవ్ జంగ్ గారిని పెళ్ళాడి, పిల్లల తల్లి అయిన తర్వాత కూడా చదువు వదలలేదు. ఉర్దూలో రచనలు చేశారు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు తీసిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ వరద బాధితుల సహాయానికి సరోజినీ నాయుడు గారితో పాటు ముందుకొచ్చిన స్త్రీలలో తయ్యబా బేగం గారు ఉన్నారు. పరదాలో ఉండే ఇళ్ళకు మగ వాలంటీర్లు వెళ్ళలేరు కదా. లోపల ఎవరు ఆకలితో ఉన్నారో, ఎవరికి బట్టలు లేవో ఆడవాళ్ళే వెళ్ళి తెలుసుకోవాలి. స్త్రీల సంఘం అవసరం ఏమిటో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

మాసూమాకు అప్పటికి ఏడేళ్ళు. తమ్ముడు అలీ యావర్ జంగ్ ఇంకా చంటిపిల్లవాడు. ఆయనే తర్వాతి కాలంలో ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలరుగా, పలు దేశాల్లో రాయబారిగా, చివరికి మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. ఒక తల్లి చదువుకుంటే ఇల్లంతా ఎలా మారుతుందో చూపడానికి వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

చదువు, పెళ్ళి

1907లో హైదరాబాదులో ఆడపిల్లల కోసం మహబూబియా బాలికల పాఠశాల తెరిచారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన బడి అది. ఆ కాలంలో పెద్దింటి పిల్లలు బడికి పోవాలంటే తెరలు కట్టిన బండ్లలో పోవలసిందే. మాసూమా ఆ బడిలోనే చదివి సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష పాసయ్యారు.

1921లో తల్లి చనిపోయింది. మరుసటి ఏడు, 1922లో, హుసేన్ అలీ ఖాన్ గారితో నికాహ్ జరిగింది. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులు. భర్త చదువుకున్నవాడు, ఇంటికి లోటు లేదు, పిల్లలు పుట్టారు. ఇక హాయిగా ఇంట్లో కూర్చున్నా ఎవరూ ఆమెను తప్పు పట్టేవారు కాదు. కానీ తల్లి మొదలుపెట్టిన పని ఒకటి సగంలో ఉండిపోయింది.

అంజుమన్ పని

ఆ పని అంజుమనె ఖవాతీన్, అంటే స్త్రీల సంఘం. 1927లో దాని అధ్యక్ష బాధ్యత మాసూమా బేగం గారి మీద పడింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. చివరి దాకా ఆ సంఘాన్ని ఆమె విడిచిపెట్టలేదు.

అంజుమన్ చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదిగా ఉంటుంది. పేద ఇళ్ళ ఆడవాళ్ళకు, పిల్లలకు ఉచితంగా ఉర్దూలో చదవడం, రాయడం నేర్పడం. కుట్టుపని, చేతిపని నేర్పడం. అంతే. కానీ దీని వెనకాల ఉన్న ఆలోచన గమనించాలి. ఒక వితంతువుకు నెలకింత డబ్బు ఇస్తే ఆ నెల గడుస్తుంది. మరుసటి నెల ఆమె మళ్ళీ గుమ్మం ముందు నిలబడాలి. అదే కుట్టడం నేర్పితే, ఇంటి గడప దాటకుండానే తన కూలి తాను సంపాదించుకుంటుంది. పరదా పాటించే ఇళ్ళల్లో ఇది మరీ ముఖ్యం. చదవడం కూడా వస్తే పని ఇచ్చినవాడు లెక్కల్లో మోసం చేయలేడు. దానం వద్దని కాదు, దానం మీద ఆధారపడే రోజులు తగ్గించాలని ఆ పద్ధతి.

ఇంతలో 1927లోనే పూనాలో అఖిల భారత మహిళా సభ పుట్టింది. హైదరాబాదులో ఆ ఉద్యమాన్ని నడిపిన వారిలో మాసూమా బేగం గారు ముఖ్యులు. బాల్యవివాహాలను ఆపడానికి 1929లో వచ్చిన శారదా చట్టాన్ని ఆ సభ గట్టిగా బలపరిచింది. ఆడపిల్లకు కనీసం 14 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయరాదని ఆ చట్టం. ఇప్పుడు 18 ఏళ్ళ లెక్కలో ఉన్న మనకు అది మరీ తక్కువగా తోస్తుంది. ఆనాడు దాని కోసమే పెద్ద గొడవలు జరిగాయి. హిందూ, ముస్లిం, పార్సీ, క్రైస్తవ స్త్రీలు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే చోటు అది. అన్ని మతాల వారితో కలిసి పనిచేసే అలవాటు ఆమెకు అక్కడ గట్టిపడింది.

కష్టకాలం

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల మీద, దివాణం కొలువుల మీద, నిజాం సైన్యం మీద బతికిన వేలాది ముస్లిం కుటుంబాలకు ఒక్కసారిగా ఆధారం పోయింది. కొందరు దేశం విడిచి వెళ్ళారు. నిన్నటి దాకా నౌకర్లున్న ఇళ్ళల్లో అమ్మలు సూది దారం పట్టవలసి వచ్చింది. 20 ఏళ్ళ ముందు నుంచే ఆడవాళ్ళకు పని నేర్పుతూ వచ్చిన అంజుమన్ వంటి సంస్థల విలువ ఆనాడు అందరికీ అర్థమై ఉండాలి. కష్టం వచ్చాక సంఘం పెడితే ఆలస్యమే. ముందే ఉన్న సంఘం ఉపయోగపడుతుంది.

మాసూమా బేగం గారు ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉండి, కొత్త దేశంలో మన జనం పౌరులుగా నిలదొక్కుకోవాలని నమ్మారు. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చినప్పుడు పాత బస్తీలోని షాలిబండ నుంచి కాంగ్రెసు తరఫున పోటీ చేసి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. ఆమెకు అప్పుడు 50 దాటింది. ఆడవాళ్ళు ఓటు వేయడమే కొత్త, ఇక ఓటు అడగడం ఎంత కొత్తో ఊహించుకోండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో పత్తర్‌గట్టి నుంచి మళ్ళీ గెలిచారు. శాసనసభలో కాంగ్రెసు పక్షానికి ఉపనాయకురాలుగా కూడా ఎన్నుకున్నారు.

మన కర్నూలు ముఖ్యమంత్రి, ఆమె మంత్రి

1960 జనవరిలో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు పక్కన పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, 38 ఏళ్ళకే ఆ కుర్చీ ఎక్కిన మనిషి. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి. వృద్ధులకు పింఛను ఇచ్చే ఏర్పాటు ఈ రాష్ట్రంలో ఆయన హయాంలోనే మొదలైంది. అటువంటి ముఖ్యమంత్రి తన మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమం, వక్ఫుల బాధ్యతను మాసూమా బేగం గారికి అప్పగించారు. నవాబుల ఇంటి ఆడబిడ్డ ఒకరు, పెద్దపాడు పేదింటి బిడ్డ ఒకరు. ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని పేదల పని చూశారు. మన రాయలసీమ వాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది.

వక్ఫు శాఖ అంటే ఏమిటో యువకుల కోసం రెండు మాటలు. పూర్వీకులు మసీదులకు, దర్గాలకు, ఖబరస్తాన్లకు, పేదలకు అల్లాహ్ పేరు మీద ఇచ్చిన భూములు, ఇళ్ళు, దుకాణాలే వక్ఫు ఆస్తులు. వాటిని చూసుకునే మనిషి ముతవల్లీ. ఆయన సొంతదారు కాడు, కాపలాదారు మాత్రమే. 1954 నాటి వక్ఫు చట్టం ప్రకారం ఈ ఆస్తులన్నిటినీ సర్వే చేసి జాబితా ప్రకటించాలి, బోర్డు దగ్గర నమోదు చేయాలి, ముతవల్లీ ఏటా లెక్కలు చూపాలి. 1995లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, ఆపైన సవరణలూ వచ్చాయి. చట్టం ఏదైనా మూలసూత్రం ఒకటే. కాగితం లేని ఆస్తి కబ్జాదారుడికి లోకువ. ఆ శాఖకు ఒక స్త్రీ మంత్రి కావడం ఆనాటికి వింతే.

ఓటమి తర్వాత

1962 ఎన్నికల్లో పత్తర్‌గట్టిలోనే ఆమె ఓడిపోయారు. గెలిచినది సలాహుద్దీన్ ఒవైసీ గారు. ఆయన అప్పటికి యువకుడు. మంత్రిగా ఉండి తన సొంత బస్తీలో, తన సొంత జనం చేతిలో ఓడిపోవడం ఎవరికైనా కష్టమే. 60 దాటిన వయసు కూడా.

చాలామంది ఇక్కడితో ఇంటికి పోతారు, లేదా ఇంకో పదవి కోసం ఢిల్లీ గుమ్మాల చుట్టూ తిరుగుతారు. మాసూమా బేగం గారికి మాత్రం తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉంది. అదే అంజుమన్. అఖిల భారత మహిళా సభకు కూడా ఆ 1960ల మొదట్లోనే ఆమె అధ్యక్షురాలయ్యారు. సరోజినీ నాయుడు, రాజకుమారి అమృత్ కౌర్, కమలాదేవి చట్టోపాధ్యాయ, హంసా మెహతా వంటి వారు కూర్చున్న పీఠం అది. భారత ప్రభుత్వం 1974లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. మంత్రి పదవి పోయిన తర్వాత ఇంకో 28 ఏళ్ళు ఆమె బతికారు. చివరికి 1990లో, 90కి దగ్గరపడిన వయసులో, అల్లాహ్ పిలుపు అందుకున్నారు.

మనం నేర్చుకోవలసింది

శ్రీశైలం డ్యాముకు 1963 జులైలో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. పనులు పూర్తయ్యేసరికి 1981 వచ్చింది. ఆ ఇరవై ఏళ్ళలో మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, కూలీలుగా ఎక్కడెక్కడి నుంచో మనవాళ్ళు ఈ కొండల్లోకి వచ్చారు. నీటి కింద ఊళ్ళు పోయి చెల్లాచెదురైన కుటుంబాలూ ఉన్నాయి. డ్యాము పని అయిపోయాక కూలి కూడా అయిపోయింది. అప్పుడు సంసారాలు ఈడ్చిన వాళ్ళు ఎవరు? కుట్టు మిషను తొక్కిన అమ్మలు, బీడీలు చుట్టిన అమ్మలు, యాత్రికులు తిరిగే దారుల్లో చిన్న అంగడి పెట్టుకున్న అమ్మలు. వాళ్ళ పేర్లు ఏ సంచికలోనూ పడలేదు.

మాసూమా బేగం గారు గొప్పింటి బిడ్డ కాబట్టి చేయగలిగారు, మనవల్ల ఏమవుతుంది అని కొందరు అనవచ్చు. కొంత నిజమే. చదువు, పలుకుబడి ఆమెకు పుట్టుకతోనే దొరికాయి. కానీ అవి దొరికిన వాళ్ళందరూ 60 ఏళ్ళు పేదల గుమ్మాలకు పోలేదు కదా. పైగా ఆమె నడిపిన పనిలో మనకు చేతకానిది ఏదీ లేదు. ఒక గది, నాలుగు మిషన్లు, చదువు చెప్పే ఒక అమ్మాయి, నెలనెలా సరిగ్గా రాసే లెక్కల పుస్తకం. ఇవి ఉంటే చాలు. ఇంకొకటి కూడా కావాలి. స్త్రీలకు సంఘంలో సభ్యత్వం ఇచ్చి, కమిటీలో కూర్చోబెట్టి, వాళ్ళ మాట వినాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ముందుగా తెలిసేది పక్కింటి అమ్మకే. ఆ అమ్మ కమిటీలో లేకపోతే మన సహాయం తెలిసినవాళ్ళకే అందుతుంది, అడగలేనివాళ్ళకు అందదు.

తయ్యబా బేగం మొదలుపెట్టిన పనిని మాసూమా బేగం అందుకున్నారు. తల్లి నుంచి కూతురికి దక్కిన ఆస్తుల్లో అంతకంటే విలువైనది లేదు. మన ఇళ్ళల్లోని కూతుళ్ళకు కూడా అటువంటి ఆస్తి ఏదైనా ఇవ్వగలమా అని ప్రతి కుటుంబమూ ఒక్కసారి ఆలోచించాలని మనవి. అల్లాహ్ ఆ తల్లీకూతుళ్ళిద్దరికీ జన్నత్ ప్రసాదించుగాక, వాళ్ళ బాటలో నడిచే శక్తి మన ఆడబిడ్డలకు ఇచ్చుగాక. ఆమీన్.