పరమవీరచక్ర అబ్దుల్ హమీద్

అబ్దుల్ హమీద్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడని మా విశ్వాసం. ఆ పేరు వినగానే మన కన్నుల ముందు ఒక దృశ్యం నిలుస్తుంది. జీపు మీద ఫిరంగి, ఎదుట భగ్గున మండుతున్న ట్యాంకు, నడుమ సింహనాదం చేస్తున్న ఒక జవాను. ఈ దృశ్యాన్ని మనకు ఎక్కువగా అలవాటు చేసినవి వెండితెర, బుల్లితెర. అది అబద్ధమని మేము అనము. అయితే అందులో ఆ మహావీరుడు సగమే కనిపిస్తాడు. మిగిలిన సగం ఒక దర్జీ ఇంటిలో, పటాలపు సామాను గదిలో, పంట చేలలో ఊపిరి బిగబట్టి గడిపిన గంటలలో ఉన్నది. ఆ సగాన్ని కూడ విద్యార్థి సోదర సోదరీమణుల ముందు ఉంచవలెనన్నదే మా ఉద్దేశం.

హమీద్ 1933 జూలై 1వ తేదీన నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో జన్మించారు. తల్లి సకీనా బేగం. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ వృత్తిచేత దర్జీ. (1948లో ఝంగర్ వద్ద వీరస్వర్గమలంకరించిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ వేరు. పేర్లు కలియడం వలన కొందరు పొరబడుట కద్దు.) సూది, దారం, కత్తెరల నడుమ పెరిగిన బాలునికి కుస్తీ మీద, ఈత మీద, గురి చూసి కొట్టుట మీద మక్కువ ఉండేదని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. వీరుల బాల్యం చుట్టూ ఇటువంటి కథలు అల్లుకొనుట సహజమే. కాని దర్జీ పనికి కూడ ఓపిక, కంటి కొలత, చేతి నిలకడ కావలెనన్న సంగతిని ఎవరూ కథగా చెప్పరు. తరువాత ఆయనకు అక్కరకు వచ్చినవి ఆ మూడు గుణాలే.

1954 డిసెంబరు 27న ఆయన సైన్యంలోని గ్రెనెడియర్స్ దళంలో చేరారు. నాలుగవ బెటాలియన్‌లో నియమింపబడి ఆగ్రా, అమృత్‌సర్, ఢిల్లీ, జమ్మూ కాశ్మీర్, ఈశాన్య సరిహద్దు ప్రాంతాలలో పనిచేశారు. భార్య పేరు రసూలన్ బీబీ. సెలవు దొరికినప్పుడు ఇంటికి వచ్చుట, సెలవు ముగియగానే రైలు ఎక్కుట, ఇదే ఆ దంపతుల కాపురం. సైనికుల కుటుంబాలలో ఇది విశేషమేమీ కాదు కనుక ఏ కథకుడూ దాని జోలికి పోడు.

1962లో చైనా యుద్ధం వచ్చింది. నాలుగవ గ్రెనెడియర్స్, బ్రిగేడియర్ జాన్ దాల్వీ నాయకత్వంలోని ఏడవ బ్రిగేడ్‌లో భాగంగా నామ్‌కా చూ నది ఒడ్డున ఉన్నది. అక్టోబరు 20న చైనా సేనలు విరుచుకుపడగా బ్రిగేడ్ చెల్లాచెదరయింది. చలికి తగిన దుస్తులు లేవు, చాలినంత తూటాలు లేవు, ఫిరంగుల అండ నామమాత్రం. చుట్టుముట్టబడిన బెటాలియన్ భూటాన్ పర్వతాల మీదుగా కాలినడకన బయటపడి అస్సాంలోని మిసామారీ చేరుకున్నది. ఆ నడకలో హమీద్ కూడ ఉన్నారు. ఓటమిని, ఆకలిని, చలిని చూచి వచ్చిన మనిషి ఆయన. వీరుని జీవితాన్ని చెప్పేవారు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలతో దాటవేస్తారు. మా దృష్టిలో అసల్ ఉత్తర్ పొలాలలో నిలిచిన ధైర్యానికి బీజం పడినది ఇక్కడే.

ఆయన సుమారు ఐదేండ్లు ట్యాంకు విధ్వంసక విభాగంలో పనిచేసి 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ ఫిరంగిని పేల్చుటలో బెటాలియన్‌లోనే మేటి అనిపించుకున్నారు. తరువాత పదోన్నతి పొంది కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అయ్యారు. ఈ పదవి ఏమిటో కొంచెం వివరించాలి. కంపెనీకి వలసిన కంబళ్లు, బూట్లు, దుస్తులు, తిండి సామాను, మందుగుండు, వీటి నిల్వలు, వీటి లెక్కలు, వీటి తాళాలు ఆయన చేతిలో ఉంటాయి. ఏ చలనచిత్రంలోనైనా సామాను గది హవల్దార్‌ను కథానాయకునిగా మనం చూచామా? చూచినా హాస్యానికే. కాని నామ్‌కా చూ వద్ద ఒక్క ఉన్ని కోటు విలువ ఏమిటో తెలిసిన వారికి ఈ పని చిన్నదిగా తోచదు.

1965 సెప్టెంబరులో పంజాబ్ సరిహద్దున యుద్ధం ముదిరినప్పుడు బెటాలియన్‌కు తక్షణం కావలసి వచ్చినది ఆ ఫిరంగిని ఎరిగిన చేయి. సామాను గది వదలి హమీద్ మళ్లీ జీపు ఎక్కారు.

ఆ ఫిరంగి స్వభావం తెలియనిదే ఆయన చేసిన పని అర్థం కాదు. మామూలు ఫిరంగి పేలినప్పుడు వెనుకకు తన్నుతుంది. ఈ ఫిరంగి గొట్టం వెనుక భాగంలో ఉన్న రంధ్రాల గుండా మండే వాయువులు బయటకు పోవుటచేత ఆ తన్ను ఉండదు. అందుచేతనే తేలికైన జీపు మీద దీనిని అమర్చుట సాధ్యమైనది. ఈ వరంతోపాటు ఒక శాపం కూడ ఉన్నది. పేల్చిన మరుక్షణమే వెనుక పెద్ద మంట, దానితో దుమ్ము మేఘం లేచి, ఫిరంగి ఉన్న చోటు శత్రువుకు తెలిసిపోతుంది. జీపుకు కవచం లేదు. కావున ట్యాంకు దగ్గరకు వచ్చేదాకా పేల్చరాదు, పేల్చినచో గురి తప్పరాదు, పేల్చిన పిమ్మట అక్కడ ఉండరాదు.

ఎదుట ఉన్నదో పాటన్ ట్యాంకు. అమెరికా దేశం పాకిస్తాన్‌కు ఇచ్చిన ఈ ట్యాంకు బరువు సుమారు 45 టన్నులు, దాని ఫిరంగి 90 మిల్లీమీటర్లది. హైదరాబాదు వెళ్లిన మన విద్యార్థులు హుసేన్‌సాగర్ గట్టు చెంత ప్రదర్శనకు నిలిపిన పాటన్ ట్యాంకును చూచియుందురు. అది 1971 యుద్ధంలో చిక్కినది. ఈసారి వెళ్లినప్పుడు దాని ప్రక్కన ఒక్క నిమిషం నిలబడి, దానికి ఎదురుగా పైకప్పు లేని జీపులో కూర్చున్నట్లు ఊహించుకొనవలెనని మా కోరిక.

సెప్టెంబరు 6న భారత సేనలు లాహోరు దిశగా సరిహద్దు దాటాయి. ఖేమ్‌కరణ్ వైపున నాలుగవ మౌంటెన్ డివిజన్ ముందుకు సాగలేకపోయింది. అది పేరుకు తగినట్లు కొండలలో పోరుటకు ఏర్పడిన డివిజన్. దాని మీదికి పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్ కదలివచ్చింది. మన దళాలు వెనుకకు జరిగి అసల్ ఉత్తర్ గ్రామ పరిసరాలలో గుర్రపు లాడం ఆకారంలో కాపు వేశాయి. రోడ్ల మీద మందుపాతరలు పెట్టారు. కాలువల నీరు పొలాల లోనికి వదిలారు. చెరుకు, ప్రత్తి ఏపుగా పెరిగిన కాలమది. ఈ పోరులో పాల్గొన్న దక్కన్ హార్స్ దళం పూర్వం నిజాం రాజ్యపు కొలువులో పుట్టినదే. దాని చేతిలో ఉన్నవి రెండవ ప్రపంచయుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. అవి పాటన్ ముందు ముసలివే గాని, పైరు చాటున కాపు కాచి పేల్చుటకు పనికివచ్చాయి.

ఖేమ్‌కరణ్ నుండి భిఖీవిండ్ పోయే రోడ్డు మీద చీమా గ్రామం ముందు నాలుగవ గ్రెనెడియర్స్ కందకాలు త్రవ్వుకున్నది. సెప్టెంబరు 8 నుండి పాటన్లు అలలుగా వచ్చాయి. 10వ తేదీ ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో తీవ్రమైన గుళ్ల వర్షం తరువాత ట్యాంకులు బెటాలియన్ ముందు వరుసలలోనికి చొరబడ్డాయి. హమీద్ జీపును ప్రక్కకు, ట్యాంకుల పార్శ్వం దొరికే చోటుకు నడిపించారు. పైరు చాటున ఆగారు. ముందు నడుస్తున్న ట్యాంకు బాగా దగ్గరకు వచ్చేదాకా పేల్చలేదు. పేల్చారు, అది నిలిచిపోయింది. వెంటనే జీపు కదిలింది. వేరొక చోటి నుండి రెండవ ట్యాంకును కొట్టారు. అప్పటికి శత్రువు ఆయన జాడ పసిగట్టి మెషిన్ గన్లతో, గుళ్లతో ఆ చోటునంతా జల్లెడ పట్టుచున్నాడు. ఆయన తొలగిపోలేదు. మరొక ట్యాంకుకు గురిపెట్టి పేల్చుచుండగానే గుండు తగిలి ప్రాణాలు విడిచారు. వయస్సు ముప్పది రెండేండ్లు.

ఆయన కూల్చిన ట్యాంకులు ఎన్ని? ప్రభుత్వ ప్రకటనలో 10వ తేదీ నాటి పోరాటమే వర్ణింపబడింది. దాని ప్రకారం లెక్క మూడు. అంతకుముందు రెండు రోజులలో కూల్చినవి కూడ కలిపి ఏడు అనీ ఎనిమిది అనీ తరువాతి రచనలు చెప్పుచున్నవి. పెద్ద సంఖ్యను పట్టుకొని వాదించేవారు, చిన్న సంఖ్యను పట్టుకొని చప్పరించేవారు కూడ మనకు కనిపిస్తారు. మేము ఈ తగవులోనికి దిగము. కప్పులేని జీపుతో ఒక్క పాటన్‌ను ఎదుర్కొన్నా ఆ సాహసం తరిగేది కాదు. అసల్ ఉత్తర్ పోరు ముగిసేనాటికి ఆ పొలాలలో తొంబదికి పైగా పాకిస్తాన్ ట్యాంకులు ధ్వంసమై గాని, చిక్కి గాని మిగిలాయి. బురదలో దిగబడి వదిలివేయబడినవి కూడ వాటిలో ఉన్నవి. వాటిని ఒకచోట చేర్చి ఉంచగా ఆ చోటుకు పాటన్ నగర్ అన్న పేరు వచ్చింది.

సెప్టెంబరు 16న ఆయనకు పరమవీరచక్ర ప్రకటించారు. విచిత్రమేమనగా, సరిగా అదే రోజున సియాల్‌కోట్ రంగంలో లెఫ్టినెంట్ కర్నల్ అర్దెషిర్ తారాపూర్ తన ట్యాంకుతో పోరాడుచు నేలకొరిగారు. ఆ యుద్ధంలో పరమవీరచక్ర పొందినవారు ఈ ఇద్దరే. తారాపూర్ పార్సీ. ఆయన సైనిక జీవితం మొదలైనది హైదరాబాదు సంస్థానపు సేనలో.

1966 జనవరి 26న ఢిల్లీలో రసూలన్ బీబీ భర్త పతకాన్ని అందుకున్నారు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో కన్నుమూసి అప్పటికి పదిహేను రోజులు. పతకాన్ని ఆమె చేతిలో ఉంచినవారు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన తత్త్వవేత్త. నలుగురు కుమారులను, ఒక కుమార్తెను పెంచవలసిన పల్లెటూరి ఇల్లాలు ఆమె.

ఇక తెర సంగతి. లడఖ్ సైనికుల కడగండ్లను 1964లో హకీకత్ చిత్రంగా తీసిన చేతన్ ఆనంద్, 1988లో దూరదర్శన్ కొరకు పరమవీరచక్ర ధారావాహికను రూపొందించారు. అందులో హమీద్ పాత్రను నసీరుద్దీన్ షా ధరించారు. బల్లగుద్ది మాట్లాడే వీరునిగా గాక పని తెలిసిన మనిషిగా ఆ పాత్ర నిలిచినందుకు మేము సంతోషిస్తాము. అన్ని చిత్రాలకు ఈ నిగ్రహం లేదు. 1971 నాటి లోంగేవాలా పోరులో మనవారు ఇద్దరే మరణించగా, 1997లో వచ్చిన బోర్డర్ చిత్రం మృతుల సంఖ్యను ఎంతో పెంచి చూపింది. ప్రాణనష్టం లేని విజయం ప్రేక్షకులకు చాలదని నిర్మాతల భయం కాబోలు! మన తెలుగు చిత్రాలలోనైతే సైనికుడు సెలవు మీద ఊరికి వచ్చి రౌడీలను చితకబాదుట పరిపాటి అయినది. సరిహద్దులో ఆయన దినచర్య ఏమిటో పది నిమిషాలు కూడ చూపరు.

మరొక అలవాటు మా మనస్సును ఎక్కువగా నొప్పిస్తుంది. తెరమీద ముస్లిం సైనికుడు కనిపించినచో ఆయన తన దేశభక్తిని ఒక ఉపన్యాసంతో నిరూపించుకోవాలి, లేదా స్నేహితుని కాపాడుచు మరణించాలి. ప్రక్కనున్న వేరొక సైనికునికి ఈ పరీక్ష ఉండదు. హమీద్ జీవితంలో ఇటువంటి ఉపన్యాసానికి తావు లేదు. బెటాలియన్‌కు ఫిరంగి పేల్చే మనిషి కావలసి వచ్చింది, ఆ పని అందరికన్న బాగా తెలిసినవాడు ఆయన, అందుచేత ఆయనను పిలిచారు. అక్కడ ఎవరూ ఆయనను సాక్ష్యం అడగలేదు, ఆయన ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు. ఆయన మరణానంతరం ఆ మరణాన్ని ఒక సముదాయపు సాక్ష్యపత్రంగా చూపినవారు ఉన్నారు. మెచ్చుకోలుగానే చూపినా, సాక్ష్యం అడుగువారికి అడిగే హక్కు ఉన్నదని దానివలన ఒప్పుకున్నట్లే అగుచున్నది. మేము ఒప్పుకొనము. ఆయన గౌరవం ఆయనది, ఆయన బెటాలియన్‌ది, ఈ దేశానిది.

2000 సంవత్సరం జనవరిలో తపాలా శాఖ ఆయన పేర బిళ్ల వెలువరించింది. 2023లో అండమాన్ దీవులలో ఒకదానికి ఆయన పేరు పెట్టారు. 2024లో ఆరవ తరగతి పాఠ్యపుస్తకంలో ఆయన జీవితం పాఠమైనది. రసూలన్ బీబీ యాభై నాలుగేండ్ల వైధవ్యాన్ని గడిపి 2019లో కన్నుమూశారు. అంతకు రెండేండ్ల ముందు సెప్టెంబరు 10వ తేదీన సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ ధాముపూర్ వచ్చి ఆమెను దర్శించి వెళ్లారు. హమీద్ సమాధి మాత్రం స్వగ్రామంలో లేదు. ధాముపూర్‌కు వందలాది మైళ్ల దూరాన, అసల్ ఉత్తర్‌లో, ఆయన జీపు ఆగిన పొలాల నడుమనే ఉన్నది.