నల్లకోటు కోసం ముప్ఫై ఏళ్లు

ఇవాళ ఏ కోర్టుకెళ్లినా నల్లకోటు వేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. సివిలు, క్రిమినలే కాదు, ట్రేడ్‌మార్క్, పేటెంట్ కేసులు చూసేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో ఈ దారి వేసిన తొలి మహిళ కొర్నీలియా సొరాబ్జీ.

1866లో నాసిక్‌లో పుట్టింది. తండ్రి క్రైస్తవం పుచ్చుకున్న పార్సీ. తల్లి పూనాలో బడులు నడిపేది. పూనా దక్కన్ కాలేజీలో కొర్నీలియా మగపిల్లలందరినీ దాటి ఫస్టొచ్చింది. అలా ఫస్టొచ్చినవారికి దక్కాల్సిన ఇంగ్లండు స్కాలర్‌షిప్ మాత్రం, ఆడపిల్లన్న కారణంతో ఇవ్వలేదు. ఇంగ్లండులోని కొందరు స్త్రీలు పూనుకుని చందాలు పోగుచేస్తే 1889లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లింది. 1892లో ప్రత్యేక అనుమతితో మగవాళ్లతోపాటు కూర్చుని లా పరీక్ష రాసింది. అక్కడ ఆ పరీక్ష రాసిన మొదటి స్త్రీ ఆమే. పట్టా చేతికి రావడానికి మాత్రం 1922 దాకా ఆగాల్సి వచ్చింది!

1894లో తిరిగొచ్చి బొంబాయిలో ఒక పరీక్ష, అలహాబాద్‌లో మరొకటి రాసింది. అయినా వకీలుగా ఒప్పుకోలేదు. మరి చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు. ఆ రోజుల్లో జమీందారీ కుటుంబాల్లో పరదా చాటున బతికే స్త్రీలకు ఆస్తులుండేవి. కానీ పరాయి మగవాడితో మాట్లాడకూడదు. వకీళ్లంతా మగవాళ్లే. ఇక మోసం జరిగితే ఎవరికి చెప్పుకుంటారు? వాళ్ల కోసం ఒక మహిళా సలహాదారు కావాలని కొర్నీలియా పట్టుబట్టింది. 1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆమెకే ఆ ఉద్యోగమిచ్చారు. ఊరూరా తిరిగి, అంతఃపురాల్లోకి వెళ్లి, ఇరవై ఏళ్లలో ఆరువందల మందికి పైగా స్త్రీలకు, పిల్లలకు ఆసరాగా నిలిచింది.

1923లో చట్టం మారింది. ఆడవాళ్లు న్యాయవాద వృత్తి చేపట్టడానికి అడ్డు తొలగింది. మరుసటేడు కలకత్తాలో ప్రాక్టీసు పెట్టేసరికి ఆమెకు యాభై ఏడేళ్లు. అప్పుడైనా వాదించే అవకాశాలు తక్కువే. ఎక్కువగా కేసుల మీద అభిప్రాయాలు రాసిచ్చే పనే దొరికింది. బ్రిటిష్ పాలనను సమర్థించి, గాంధీజీ ఉద్యమాన్ని వ్యతిరేకించడంతో చాలామందికి దూరమైంది కూడా. 1929లో వృత్తి మానేసి లండన్ వెళ్లిపోయింది. 1954లో అక్కడే కన్నుమూసింది.

రాజకీయాల్లో ఆమెతో ఏకీభవించనక్కర్లేదు. కానీ కోర్టు తలుపు తెరిచేదాకా ఆగకుండా, తన చదువు ఎవరికి అవసరమో వెతుక్కుంటూ వాళ్ల గడపకే వెళ్లింది. కొత్తగా ప్రాక్టీసు పెట్టే అమ్మాయిలు, ఏ విభాగం ఎంచుకున్నా, ముందు చూసుకోవాల్సింది అదే.