బ్రౌన్ దొర నేర్పే ఓర్పు



నంబులపూలకుంట మండలం గూటిబైలులోని తిమ్మమ్మ మర్రిమానును మన ప్రాంతంలో చూడనివారు తక్కువ. ఐదెకరాలకు మించి పరుచుకున్న ఆ మాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. వెయ్యికి పైగా ఊడలు దానిని మోస్తున్నాయి. కొమ్మ నుంచి దిగిన ఊడ చాలా కాలం గాలిలోనే వేలాడుతుంది. అప్పుడది ఎవరికీ ఆసరా కాదు, గాలికి ఊగుతుంది, మేకలు కొరుకుతాయి. నేల తాకి వేరు పట్టిన తరువాతనే అది కంభమై తనను కన్న కొమ్మను మోస్తుంది.

బడిలో చదివే పిల్లలను చూసినప్పుడు మాకు ఆ ఊడలే జ్ఞాపకం వస్తాయి. మన మెట్ట పొలాల్లో వేరుశనగ వాన మీద ఆధారపడిన పంట. వాన మొహం చాటేస్తే తల్లిదండ్రులు మూటముల్లె సర్దుకుని బెంగళూరుకో, మరో పట్టణానికో కూలికి పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు, లేదా బడి మాని వెంట పోతారు. పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోతే చాలు, ఇక వీడికి చదువు రాదులే అని ఇంట్లోనే తీర్పు చెప్పేస్తారు. ఊడ నేలను తాకకముందే కోసేసినట్టు ఉంటుంది ఆ మాట.

ఈ వారం మీకు ఒక మనిషి జీవితం చెప్పాలనుకున్నాము. ఆయన పేరు తెలియని తెలుగువారు లేరు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, మన పెద్దల నోట బ్రౌన్ దొర. ఆయన నిఘంటువు గురించి అందరూ చెబుతారు. ఆయన నడిపిన బడుల గురించి, ఆయన ఓర్పు గురించి చెప్పుకోవడం తక్కువ.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దైవసేవకుడు. తల్లిదండ్రులు లేని సైనికుల పిల్లల కోసం కలకత్తాలో నడిచే అనాథ బడిని చూసుకోవడానికే ఆయన మొదట ఈ దేశానికి వచ్చారు. తరువాత శ్రీరాంపూరులో కాపురమున్నారు. విలియం కేరీ తన తోటివారితో కలిసి బైబిలును మన దేశ భాషల్లోకి తర్జుమా చేస్తున్నది ఆ ఊళ్లోనే. పార్సీ భాషలోకి క్రొత్త నిబంధనను తెచ్చిన హెన్రీ మార్టిన్ కొంతకాలం ఆ ఇంటి ఆవరణలోనే ఉన్నారు. పరాయి భాషను కష్టపడి నేర్చుకోవడం గొప్ప పని కాదు, రోజూ చేసే పని అన్నట్టు ఉండే వాతావరణంలో పెరిగాడు ఆ పిల్లవాడు.

1812లో తండ్రి చనిపోయారు. చార్లెస్‌కు అప్పటికి పదమూడేళ్లు. కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. హెయిలీబరీలో కంపెనీ కొలువుకు కావలసిన చదువు పూర్తి చేసుకుని 1817 ఆగస్టులో ఆ కుర్రవాడు మద్రాసులో దిగాడు. అప్పటికి తెలుగు ముక్క కూడా రాదు.

మద్రాసులో కంపెనీ ఉద్యోగుల కోసం నడిచే కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు గారు ఆయనకు తెలుగు చెప్పారు. ఇప్పటిలా వాచకాలు లేవు. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో, క్యాంబెల్ వ్యాకరణం 1816లో అచ్చయ్యాయి, అంతే. చేతికి అందే మంచి నిఘంటువు లేదు. బ్రౌన్ మూడేళ్లు ఆ చదువు మీదే కూర్చుని 1820లో పరీక్ష గట్టెక్కారు. అదే ఏడు మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, జనం భాష తెలియని అధికారి జనానికి పనికిరాడని నమ్మిన మనిషి. మన దత్త మండలాల్లో ఏడేళ్లు కలెక్టరుగా తిరిగిన అనుభవంతో ఆయన కొత్త ఉద్యోగులకు ఆ సంగతి గట్టిగా చెప్పేవారు. ఆ మాట బ్రౌన్ మనసులో నాటుకుంది.

ఆ సంవత్సరమే బ్రౌన్‌కు కడపలో ఉద్యోగమైంది. అప్పట్లో మన కదిరి తాలూకా కూడా కడప జిల్లాలోనిదే. 1910లో గాని అనంతపురంలో కలవలేదు. అంటే మన తాతముత్తాతలు అర్జీలు పట్టుకుని పోయిన జిల్లా కచేరీలోనే ఈ దొర కొలువు మొదలైంది. పరీక్ష పాసయ్యారు సరే, రైతు వచ్చి గడగడా మాట్లాడితే పుస్తకాల తెలుగు చాలదని ఆయనకు అక్కడ తెలిసింది. పాసవడం చదువుకు ముగింపు కాదు. ఆయన మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చున్నారు.

అంతటితో ఆగలేదు. తాను ఇంకా నేర్చుకుంటూనే పిల్లలకు చదువు చెప్పించడం మొదలుపెట్టారు. 1821లో కడపలో ఉచిత బడులు తెరిచారు. మచిలీపట్నంలోనూ అలాగే బడి పెట్టించారు. రుసుము లేదు, ఖర్చంతా ఆయన జీతంలోనిదే. కడపలో మిషనరీ విలియం హోవెల్ గారు ఆ ధర్మకార్యాల్లో ఆయనకు తోడుగా నిలిచారు. కంపెనీ ప్రభుత్వం ఊరి బడుల మీద డబ్బు పెట్టే రోజులు కావవి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల యువకుడు, ఇంటికి వేల మైళ్ల దూరాన, తన జీతంతో ఊరి పిల్లలను చదివించాడు.

మచిలీపట్నంలో ఉండగా ఆయన వేమన పద్యాల వెంట పడ్డారు. ఒక ఫ్రెంచి పాదిరి పుస్తకంలో వేమన ప్రస్తావన కనబడితే, ఆ పద్యాలను వెదికించడం మొదలుపెట్టారు. వేమన సమాధి ఉందని జనం చెప్పుకునే కటారుపల్లి మన పక్క గాండ్లపెంట మండలంలోదే. ఈనాడు మన పిల్లలు ఒకటో తరగతి నుంచి పాడే ఆ పద్యాలు అప్పటికి అచ్చు మొహం చూడలేదు. జనం నోళ్లలోనూ తాటాకుల్లోనూ ఉండేవి. ఒక తాటాకు ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో వేరుగా ఉండేది. ఒకదానిలో తప్పు, ఇంకొకదానిలో లోపం.

బ్రౌన్ పని పద్ధతి బడి పిల్లలకూ ఉపాధ్యాయులకూ చెప్పదగినది. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. రాయసగాళ్లను పెట్టి కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాయించేవారు. పండితులను కూర్చోబెట్టి ప్రతి మాటను పక్క ప్రతితో సరిచూసేవారు. అర్థం కాని చోట గుర్తు పెట్టుకుని మళ్లీ అడిగేవారు. ఒక ప్రతి తప్పుల తడక అయితే దానిని పారేయలేదు. దాని తప్పు ఇంకో ప్రతి దిద్దుతుందని ఓపిక పట్టారు. అలా 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అర్థాలతో అచ్చయ్యాయి. పదేళ్లకు, 1839లో, 1164 పద్యాలతో రెండో కూర్పు వచ్చింది. మొదటి పుస్తకం అచ్చయిందిగదా అని ఆయన వెదకడం మానలేదన్నమాట.

ఈ పనిలో ఆయన ఒంటరి కాదు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చున్నారు. కడపలో తన బంగళాలోనే వారికి చోటిచ్చి, జీతాలిచ్చి పని చేయించారు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. పుస్తకాల కోసం, పండితుల జీతాల కోసం ఆయన అప్పులు కూడా చేశారు. ఆ బంగళాలో దొర విద్యార్థి, పండితులు గురువులు. అధికారం ఉన్నవాడు నేలకు దిగి నేర్చుకోగలిగితేనే అలాంటి చోటు ఏర్పడుతుంది.

ఆయన జీవితం సాఫీగా సాగిందనుకోకండి. 1832-33లో గుంటూరు సీమను మహా కరువు పట్టినప్పుడు ఆయన ఆ జిల్లాలోనే అధికారి. ఆ భయంకరమైన రోజులను కళ్లారా చూశారు. 1834లో ఆయన ఉద్యోగమే పోయింది. పదిహేడేళ్లు ఈ దేశంలో గడిపిన మనిషి, ముప్పై ఆరేళ్లు నిండని వయసులో, కొలువు లేక లండనుకు వెళ్లిపోవలసి వచ్చింది. ఇక తెలుగుతో తనకేం పని అని ఆయన అనుకుని ఉంటే మనం తప్పు పట్టలేము.

ఆయన ఏం చేశారో చూడండి. లండనులో కంపెనీ వారి గ్రంథాలయానికి పోయారు. అక్కడ పట్టించుకునేవారు లేక పడి ఉన్న దక్షిణ దేశపు వ్రాతప్రతులను చూశారు. వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేయించారు. కొలువు పోయింది గాని పని పోలేదు. 1838లో పార్సీ అనువాదకుడిగా మళ్లీ మద్రాసులో అడుగుపెట్టారు.

ఆయన చేసిన పెద్ద పనులలో ఎక్కువ భాగం ఆ ఓటమి తరువాతవే అని మన పిల్లలకు చెప్పాలి. 1840లో తెలుగు వ్యాకరణం. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. అదే ఏడు ఉత్తరాలు, అర్జీలు వంటి నిత్య వ్యవహారపు రాతలతో ఒక తెలుగు వాచకం. 1853లో మన అనంతపురం రాజుల చరిత్ర. 1855లో తాతాచారి కథలు. కావ్యాల్లోని మాటలతో పాటు రైతు, వర్తకుడు, ఇల్లాలు ఆడుకునే మాటలకు కూడా తన నిఘంటువులో చోటిచ్చారు. పండితులు కొందరికి ఇది నచ్చలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఆరోగ్యం చెడి 1855లో ఇంగ్లండుకు వెళ్లిపోయారు. అప్పుడైనా విశ్రాంతి తీసుకోలేదు. 1865లో, దాదాపు అరవై ఏడేళ్ల వయసులో, లండను విశ్వవిద్యాలయంలో జీతం లేని తెలుగు ఆచార్యుడిగా ఒప్పుకున్నారు. 1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ల వయసులో, కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా శిథిలమైపోయింది. అయితే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి, చందాలు కూడగట్టి, ఆ స్థలంలోనే బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టారు. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం నీడలో భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. వేమనను వెదికిన దొర పేరు, వేమన పేరు ఒక్కచోట చేరాయి.

ప్రియులారా, ఈ జీవితంలో మన బడికి ఏముంది?

మొదటిది, తప్పు రాసిన పిల్లవాడు పారేయదగిన ప్రతి కాడు. ఒక సబ్జెక్టు పోయిందంటే ఒక మాట సరిచూసుకోవాలని మాత్రమే అర్థం. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది అందుకే. ఫలితాలు వచ్చిన రోజు ఆ బిడ్డ ఇంటికి మనం వెళ్లాలి. మిఠాయి పంచుకునే ఇంటికి అందరూ పోతారు. తలుపు వేసుకున్న ఇంటికి సంఘం పోవాలి.

రెండవది, ఎవరూ ఒంటరిగా పైకి రారు. బ్రౌన్‌కు కోదండరామ పంతులు గారు ఉన్నారు, అప్పయ్య గారు ఉన్నారు, హోవెల్ గారు ఉన్నారు. మన పిల్లలకు ఎవరున్నారు? తల్లిదండ్రులు వలస పోయిన ఇంట్లో, లెక్క తెలియక పలక పక్కన పెట్టేసిన పిల్లకు సాయంకాలం ఒక్క గంట ఎవరు కూర్చుంటున్నారు? మన మందిరాలు వారంలో ఎక్కువ పొద్దులు తాళం వేసి ఉంటాయి. కరెంటు ఉంది, చాపలు ఉన్నాయి, డిగ్రీలు చదివిన యువతీయువకులు ఉన్నారు. సాయంకాలం ఆ తాళం తీస్తే చాలు. అక్కడికి వచ్చే పిల్లవాడు ఏ మతంవాడు, ఏ కులంవాడు అని అడగనక్కరలేదు.

మూడవది, ఉపాధ్యాయులను గురించి. ఎండలో బస్సు దిగి, దూరపు పల్లెకు నడిచిపోయి చదువు చెప్పేవారు మనలో ఉన్నారు. ఒక తరగతిలో నలుగురు మిగిలినా వారికి పాఠం చెప్పవలసిందే. ఆ పని ఫలితం ఈ ఏడాదే కనబడదు. నాటినవాడు ఒకడు, నీళ్లు పోసినవాడు ఒకడు, ఎదిగించేవాడు దేవుడు అని కొరింథీ సంఘానికి పౌలు నేర్పిన సంగతి మనకు తెలుసు. మన ఆదివారపు ప్రార్థనల్లో మన ఊరి ప్రభుత్వ బడి ఉపాధ్యాయుల పేర్లు కూడా ఉండాలి. వారు ఏ విశ్వాసానికి చెందినవారైనా సరే, మన బిడ్డలను మోస్తున్నది వారే.

ఇక పిల్లలతో ఒక మాట. చదువు ఆలస్యంగా రావడం తప్పు కాదు. పద్దెనిమిదేళ్లు దాటాక అ ఆలు దిద్దినవాడు మన భాషకు నిఘంటువు రాశాడు. ఉద్యోగం పోయిన పద్దెనిమిదేళ్లకు ఆ పుస్తకం అచ్చయింది. మీకు మార్కులు తక్కువ వచ్చిన ఈ ఏడాదితో మీ పుస్తకం అయిపోలేదు.

వచ్చే బడి సంవత్సరం మొదలయ్యేలోపు మన సంఘాల్లో బడి మానిన బిడ్డల పేర్లు ఒక కాగితం మీద రాసుకుందాం. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క పెద్దమనిషి బాధ్యత తీసుకుందాం. గూటిబైలు మాను ఒక్క రోజులో ఐదెకరాలు కాలేదు. నేల అందేదాకా ప్రతి ఊడనూ ఆ కొమ్మ వదలకుండా పట్టుకుంది. మన పిల్లలకు మనం కొమ్మగా ఉండేందుకు దేవుడు మనకు ఓర్పునిచ్చును గాక.