నిప్పురవ్వను నిలిపిన నేర్పరి – రాబర్ట్ బాష్

జర్మనీ దేశపు నైరుతి భాగాన, డాన్యూబ్ నదీతీరంలో ఉల్మ్ అనే ప్రాచీన నగరం ఉంది. దానికి సమీపాన ఉన్న ఆల్బెక్ గ్రామంలో 1861 సెప్టెంబరు 23న రాబర్ట్ బాష్ జన్మించాడు. తల్లిదండ్రుల పన్నెండుగురు సంతానంలో ఆయన పదకొండవవాడు. తండ్రి సెర్వేషియస్ బాష్ వ్యవసాయం చేస్తూనే బాటసారులకు బస, భోజనం సమకూర్చే సత్రాన్ని నడిపేవాడు. ఆనాటి గ్రామీణులలో అరుదైన చదువరి, స్వతంత్ర భావాలు కలవాడు. 1869లో ఆయన సత్రాన్ని అమ్మివేసి కుటుంబంతో ఉల్మ్ నగరానికి తరలివచ్చాడు.

బాలుడైన రాబర్ట్‌కు చెట్టుచేమల మీద, జీవజాలం మీద మక్కువ ఎక్కువ. అయినా తండ్రి సూచన మేరకు 1876లో సూక్ష్మయంత్రాల పని నేర్చుకోవడానికి ఒక పనివాని వద్ద చేరాడు. అక్కడ గడిపిన మూడు సంవత్సరాలు ఆయనకు తృప్తినివ్వలేదు. నేర్పవలసిన గురువు శిష్యుల వైపు కన్నెత్తి చూసేవాడు కాడు. పని ఎలా చేయాలో చెప్పేవారు లేరు. చేసిన పని సరిగా ఉన్నదా లేదా అని కొలిచి చూసేవారు అంతకంటే లేరు. ఆ లోటు బాష్ మనస్సులో ముల్లులా మిగిలిపోయింది. తాను యజమాని అయిన తరువాత, 1913లో, పని నేర్చుకొనే పిల్లల కోసం తన కర్మాగారంలో ప్రత్యేక శిక్షణ విభాగాన్ని నెలకొల్పాడు. ఏ చెట్టు నీడ లేక తాను ఎండలో నడిచాడో ఆ చెట్టునే నాటినట్లయింది.

శిక్షణ ముగిసిన తరువాత ఆయన ఊరూరా తిరిగి పనిచేశాడు. స్టుట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో కొద్దికాలం పాఠాలు విన్నాడు. 1884లో సముద్రం దాటి అమెరికా చేరి, న్యూయార్క్‌లో ఎడిసన్ పరికరాలను తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు వచ్చి సీమెన్స్ సోదరుల సంస్థలో చేరాడు. విద్యుత్తు అప్పుడప్పుడే లోకవ్యవహారంలో అడుగుపెడుతున్న రోజులవి. పని తెలిసిన చేతికి ఎక్కడైనా కొలువు దొరికేది. కాని ఆయన కోరినది కొలువు కాదు. 1886 నవంబరు 15న, తండ్రి వల్ల సంక్రమించిన పదివేల మార్కులు పెట్టుబడిగా, స్టుట్‌గార్ట్‌లో ఒక ఇంటి పెరటిభాగంలో చిన్న పనిశాల తెరిచాడు. ఆయన కాక అక్కడ ఉన్నది ఒక పనివాడు, చిల్లర పనులకు ఒక కుర్రవాడు మాత్రమే.

తొలి సంవత్సరాలు కష్టాలతో గడిచాయి. టెలిఫోనులు, విద్యుద్ఘంటలు అమర్చడం, మరమ్మతు చేయడం – ఏ పని వచ్చినా కాదనలేదు. పట్టణంలో దూరదూరంగా జరిగే పనులను స్వయంగా చూడడానికి 1890లో సైకిలు కొన్నాడు. సైకిలే వింతగా తోచిన ఆ రోజుల్లో బాష్ గారు పని తనిఖీకి తొక్కుకుంటూ రావడం జనానికి వేడుక. 1892 ప్రాంతంలో వ్యాపారం దెబ్బతిని, ఒకరిద్దరిని తప్ప పనివారందరినీ పంపివేయవలసి వచ్చింది. కుటుంబం అండగా నిలవడం వల్ల సంస్థ ఊపిరి పీల్చుకున్నది.

ఆయనను నిలబెట్టినది నిప్పురవ్వ. ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సరైన క్షణంలో అంటించాలి. క్షణం తప్పితే ఇంజను నడవదు. తొలినాళ్ల కార్లలో కొన్నింటికి ఎర్రగా కాల్చిన గొట్టంతో మంట అంటించేవారు; దానివల్ల వాహనమే తగలబడే ప్రమాదం ఉండేది. ఒకచోట స్థిరంగా ఉండే ఇంజన్ల కోసం 1887లో బాష్ ఒక మాగ్నెటోను తయారుచేశాడు. అయస్కాంతం నడుమ తీగచుట్ట కదలడం వల్ల విద్యుత్తు పుట్టించే సాధనమే మాగ్నెటో. 1897లో ఆంగ్ల వ్యాపారి ఫ్రెడరిక్ సిమ్స్ ఒక మూడు చక్రాల మోటారు బండికి దానిని అమర్చమని కోరాడు. ఆ బండి ఇంజను వేగానికి బరువైన తీగచుట్ట తట్టుకోలేదు. బాష్ వద్ద పనిచేసే ఆర్నాల్డ్ జేరింగర్ తీగచుట్టను కదలనీయక, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును మాత్రమే ఊగేలా చేసి చిక్కు విప్పాడు.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. రవ్వ పుట్టాలంటే సిలిండరు లోపల రెండు లోహపు ముక్కలు తాకి విడిపోవాలి. వాటిని కదిలించే కడ్డీలు నిప్పుల కొలిమి వంటి చోట అరిగిపోయేవి. కదిలే కడ్డీలు లేకుండా రవ్వ పుట్టించే మార్గం చూడమని బాష్ తన ఇంజనీరు గాట్‌లోబ్ హోనాల్డ్‌ను కోరాడు. హోనాల్డ్ ఒకప్పుడు ఆ పనిశాలలోనే పని నేర్చుకొన్న కుర్రవాడు. పై చదువు చదివి తిరిగి వచ్చాడు. 1901 చివరికల్లా ఆయన అధిక వోల్టేజి మాగ్నెటోను, దానితో జతగా స్పార్కు ప్లగ్గును సిద్ధం చేశాడు. 1902 జనవరిలో దానికి పేటెంటు లభించింది. స్పార్కు ప్లగ్గు అనే ఊహ బాష్‌ది కాదు. ఫ్రాన్సులో లెన్వార్ 1860లోనే తన గ్యాసు ఇంజనులో విద్యుత్ రవ్వను వాడాడు. రోజూ నమ్మి నడపదగిన వస్తువుగా దానిని మార్చినవారు బాష్, హోనాల్డ్. 1906 నాటికి ఆ కర్మాగారం నుండి లక్షవ మాగ్నెటో బయటికి వచ్చింది.

ఆ చిన్న వస్తువును కొంత నిదానించి పరిశీలించడం అవసరం. స్పార్కు ప్లగ్గు నడుమ ఒక ఎలక్ట్రోడు, దాని చుట్టూ పింగాణీ బంధకం, దానిపై మరలు చెక్కిన ఉక్కు తొడుగు ఉంటాయి. నిమిషానికి మూడువేల సార్లు తిరిగే నాలుగు ఘాతాల ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి 1500 సార్లు రవ్వ వేయాలి. అనగా క్షణకాలంలో, ఒక్క సెకండులో, ఇరవై అయిదు సార్లు. మండే వాయువుల వేడి రెండువేల డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. ఆ వేడిలో ప్లగ్గుకు చేరిన భాగం చాలా వరకు మరల ద్వారా, వాషరు ఆనే పీఠం ద్వారా సిలిండరు హెడ్డులోకి పోతుంది. కనుక ప్లగ్గు ఎంత చక్కగా తయారైనా, దానిని ఇంజనులో బిగించే చివరి చేయి తప్పు చేస్తే కర్మాగారంలో పడిన శ్రమ అంతా వ్యర్థమే.

వదులుగా బిగిస్తే పీఠం ఆనదు. వేడి పోయే దారి మూసుకుపోతుంది. ప్లగ్గు కొన కాగి ఎర్రబారి, రవ్వ వేయవలసిన క్షణానికి ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అది ముదిరితే పిస్టనుకే చిల్లు పడవచ్చు. మరీ బిగిస్తే ఉక్కు తొడుగు సాగుతుంది, లోపలి పింగాణీ బీటలు వారుతుంది, అల్యూమినియం హెడ్డులోని మెత్తని మరలు తెగిపోతాయి. కొద్దిపాటి ధర చేసే ప్లగ్గు కోసం విలువైన హెడ్డును పోగొట్టుకోవడమన్నమాట. పద్యపాదంలో మాత్ర తగ్గినా దోషమే, హెచ్చినా దోషమే. చెవికి అలవాటైనవాడు లెక్కించకుండానే దోషం పట్టగలడు. కాని ఆ చెవి వచ్చేవరకు గణాలు విభజించి చూసుకోక తప్పదు కదా!

బిగింపును అలా లెక్కించి చూపే సాధనమే టార్క్ రెంచి. దానిని కనుగొన్న ఖ్యాతి న్యూయార్క్ నగర జలవిభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్‌కు దక్కింది, కాలం 1918. గొట్టాల బోల్టులను పనివారు తమ బలం కొద్దీ బిగించి విరగగొట్టడం చూసి ఆయన ఆ ఉపాయం ఆలోచించాడు. మీటరు పొడవు గల పానా కొనను ఒక న్యూటన్ బలంతో తిప్పితే, ఆ తిప్పుబలం ఒక న్యూటన్ మీటరు. పద్నాలుగు మిల్లీమీటర్ల మర, చదునైన వాషరు గల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో సాధారణంగా 25 నుండి 30 న్యూటన్ మీటర్లు చాలు. వాషరు లేని ఏటవాలు పీఠపు ప్లగ్గుకు 15 నుండి 20 సరిపోతాయి. కారు తయారీదారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. పావు మీటరు పానాతో 28 న్యూటన్ మీటర్లు రావాలంటే చేతితో సుమారు పదకొండు కిలోల బరువంత బలం వేయాలి. అర మీటరు పానాతో అందులో సగమే చాలు. పానా పొడవు మారితే చేతి అంచనా మోసపోతుంది. ముప్పై ఏళ్ల అనుభవం గల మెకానిక్కు చేతిని సైతం అది మోసగిస్తుంది.

సాధనం చేతిలో ఉన్నంత మాత్రాన పని చక్కబడదు. ఇంజను చల్లబడే వరకు ఆగాలి. పాత ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ముందే తుడవాలి. లేకుంటే అది సిలిండరులోకి రాలుతుంది. కొత్త ప్లగ్గును పానాతో కాక వేళ్లతో మొదలుపెట్టాలి. అందని లోతులో ఉంటే రబ్బరు గొట్టం ముక్కకు ప్లగ్గును తొడిగి తిప్పుతారు; మర వంకరగా పట్టితే గొట్టం జారిపోతుంది గాని మర చెడదు. వేళ్లతో పూర్తిగా కూర్చున్న తరువాతనే టార్క్ రెంచిని తీసుకోవాలి. పిడి నడుమ పట్టి, కుదుపు లేకుండా, నిదానంగా లాగాలి. టక్కుమని ఒక్కసారి శబ్దం రాగానే ఆపాలి. నమ్మకం కోసం మరొకసారి టక్కుమనిపించడం చాలామందికి అలవాటు. ఆ రెండవ శబ్దం అదనపు బిగింపే. లోహపు పూత గల మరలకు నూనె గాని గ్రీజు గాని పూయరాదు. ఒరిపిడి తగ్గి, రెంచి చూపే అంకె మారకున్నా మర మీద లాగుడు పెరిగిపోతుంది. బిగిసిన ప్లగ్గును విప్పడానికి టార్క్ రెంచిని వాడడం దానికి అపచారం. పని ముగిసిన తరువాత అందులోని స్ప్రింగును కనిష్ఠ అంకెకు తెచ్చి భద్రపరచాలి. బిగువులో వదిలివేస్తే కాలక్రమాన అంకె తప్పుతుంది. రెంచి లేని చోట, కొత్త వాషరు గల ప్లగ్గును వేళ్లతో కూర్చిన తరువాత సుమారు అర చుట్టు, ఏటవాలు పీఠపు ప్లగ్గునైతే చుట్టులో పదహారవ వంతు మాత్రమే తిప్పుతారు.

ఇక బాష్ జీవితానికి వద్దాం. తన పేరుతో బయటికి పోయే వస్తువులో లోపం ఉండడం ఆయన సహించలేకపోయేవాడు. సొమ్ము పోయినా నమ్మకం పోరాదన్నది ఆయన పట్టుదల. పొదుపులోనూ అంతే కఠినుడు. నేలపై పడి ఉన్న కాగితపు క్లిప్పును చూపి, అది తన డబ్బు అని ఉద్యోగికి గుర్తుచేసినట్లు ఒక కథ చెప్పుకొంటారు. అలాంటి యజమాని 1906లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. అందులో దయతో పాటు లెక్క కూడా ఉంది: అలసిన చేయి తప్పు చేస్తుంది, పైగా రోజుకు రెండు వంతులుగా యంత్రాలు నడుస్తాయి. జీతాలూ మెండుగా ఇచ్చేవాడు. తోటి పారిశ్రామికులు ఆయనను ఎర్ర బాష్ అని ఎద్దేవా చేశారు. అయినా 1913లో ఆయన కర్మాగారంలో సమ్మె జరిగింది. తన మనుషులే తనకు ఎదురు తిరిగారన్న బాధతో ఆయన అంతవరకు దూరంగా ఉన్న యజమానుల సంఘంలో చేరాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో వచ్చిన లాభాలను తన వద్ద ఉంచుకోవడానికి ఆయన మనస్సు ఒప్పలేదు. నెక్కార్ నదిని నౌకాయానానికి అనువుగా తీర్చే పథకానికి కోటికి పైగా మార్కులు ఇచ్చాడు. అమెరికాలోని ఆయన సంస్థను 1918లో ఆ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1921లో ఎదిగిన కుమారుడు దీర్ఘవ్యాధితో మరణించాడు.

హిట్లరు పాలన ఆయన వార్ధక్యంలో వచ్చింది. బాష్‌కు ఆ పాలన నచ్చలేదు. లైప్‌జిగ్ నగర మాజీ మేయరు, హిట్లరుకు విరోధి అయిన కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సంస్థ సలహాదారుగా తీసుకొని ఆశ్రయమిచ్చాడు. యూదులు దేశం విడిచి పోవడానికి ఆయన, ఆయన సహచరులు ధనసహాయం చేశారు. అయితే అదే సంస్థ యుద్ధసామగ్రిని తయారుచేసింది. యుద్ధకాలంలో సుమారు 20,000 మందితో బలవంతపు చాకిరీ చేయించింది. ఒకే ఇంటి దీపం కింద ఈ వెలుగు, ఈ నీడ రెండూ ఉన్నాయి. జీవితచరిత్ర రాసేవారు ఒకదానిని చెప్పి రెండవదానిని దాచడం న్యాయం కాదు. సూదిమొనంత లోపాన్ని సహించని మనిషి నిర్మించిన కర్మాగారంలో ఇంతటి అన్యాయం ఎలా ఇమిడిందన్న ప్రశ్నకు ఆయన సత్కార్యాల పట్టిక జవాబు కాజాలదు.

1940లో స్టుట్‌గార్ట్‌లో తన పేరిట ఒక ఆసుపత్రిని తెరిపించాడు. 1942 మార్చి 12న కన్నుమూశాడు. తాను ద్వేషించిన ప్రభుత్వమే ఆయనకు రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. గోర్డెలర్‌ను అదే ప్రభుత్వం 1945లో ఉరితీసింది. బాష్ కోరిక మేరకు సంస్థ వాటాలలో అత్యధిక భాగం 1964 నుండి ఒక ధర్మసంస్థ చేతికి వచ్చింది. లాభంలో దానికి అందే భాగం వైద్యానికి, విద్యకు, ఇతర సేవాకార్యాలకు వినియోగమవుతున్నది.

బాష్ మరణించిన తొమ్మిదేళ్లకు, 1951లో, బెంగుళూరులో మైకో సంస్థ ఏర్పడింది. స్పార్కు ప్లగ్గులను, డీజిలు ఇంజన్ల ఇంధన పంపులను తయారుచేసిన ఆ సంస్థ 2008లో బాష్ అనే పేరునే స్వీకరించింది. తెలుగునాట మోటారు షెడ్లలో పాతతరం మెకానిక్కులు ప్లగ్గు అనడానికి మైకో ప్లగ్గు అనేవారు. స్కూటరు ప్లగ్గును విప్పి, ఉప్పుకాగితంతో మసి గీకి, గ్యాపు కంటితో చూసి, తిరిగి చేతి అంచనాతో బిగించడం వారికి నిత్యకృత్యం. ఆనాటి స్కూటరు ప్లగ్గు పైకి కనిపించేది, చేతికి అందేది. ఇప్పటి కార్లలో చాలావాటికి అది హెడ్డులో లోతైన బావి అడుగున ఉంటుంది. అక్కడికి కన్ను పోదు, వేలు అందదు. పొడవాటి సాకెట్టు చివర రెంచి చేసే శబ్దాన్ని విని బిగింపు తెలుసుకోవలసిందే.