సైకిలుకు కొలత నేర్పిన స్టార్లీ

పాత సైకిలు కొనబోవువారు గంట మ్రోగించి చూతురు, టైర్లు నొక్కి చూతురు, రంగు నిగనిగలాడుచున్నచో సంతోషింతురు. ఫ్రేము తమ కాలి పొడవునకు తగినదా యని విచారించువారు అరుదు. టైరు మార్చుకొనవచ్చును, సీటు కొంత ఎత్తుకొనవచ్చును. ఫ్రేము మాత్రము సాగదు, కుదియదు. మనిషి సైకిలుకు ఒదుగుట కాదు, సైకిలే మనిషికి ఒదుగవలెనని తలచి పనిచేసినవారిలో ముఖ్యుడు ఇంగ్లండు దేశీయుడైన జాన్ కెంప్ స్టార్లీ.

ఆయన ఒక తోటమాలి కుమారుడు. ఇరువదేండ్లు నిండకముందే, 1872లో, లండను విడిచి కోవెంట్రీ పట్టణమునకు పోయి, తండ్రి సోదరుడును ప్రసిద్ధ యంత్రనిర్మాతయు నగు జేమ్స్ స్టార్లీ కడ పనికి కుదిరెను.

ఆ కాలపు సైకిలును చూచినచో నేటి విద్యార్థికి నవ్వు వచ్చును. ముందు చక్రము మనిషి గుండె యెత్తున నుండును. వెనుకది మిక్కిలి చిన్నది. పెడళ్లు ముందు చక్రపు ఇరుసునకే బిగింపబడి యుండుటచే, పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. కనుక వేగము కావలెనన్న చక్రము పెద్దది కావలెను. పెద్ద చక్రమును త్రొక్కుటకు పొడవైన కాళ్లు కావలెను. దుకాణమునకు పోయినవాడు తన కాలి కొలతనుబట్టియే 50 అంగుళముల చక్రమో, 54 అంగుళముల చక్రమో కొనెడివాడు. సమబలము గలవారిలో పొట్టివానికి ఓటమి పుట్టుకతోనే వ్రాసిపెట్టి యుండెను. దారిలో రాయి తగిలినచో త్రొక్కువాడు తలక్రిందుగా పడుటయు మామూలే. స్త్రీలును వృద్ధులును మూడు చక్రముల బండ్లతో తృప్తిపడవలసి వచ్చెను.

జాన్ స్టార్లీ 1878లో విలియం సటన్‌తో కలిసి సొంత సంస్థ పెట్టి, మొదట ఆ మూడు చక్రముల బండ్లనే చేసెను. 1885లో ఆయన చేసిన రోవరు సైకిలు లోకమునకు వెల్లడియయ్యెను. చక్రములు రెండును ఇంచుమించు సమానము, పెడళ్లు నడుమ, వెనుక చక్రమును తిప్పునది గొలుసు. గొలుసు ఆయన కల్పన కాదు. హారీ లాసన్ 1879లోనే గొలుసు సైకిలు చేసియుండెను. స్టార్లీ ఘనత మరియొకచోట నున్నది. ఆయన యంత్రముతో కాక శరీరముతో ఆలోచన మొదలుపెట్టెను. త్రొక్కువాడు నేలకు తగిన ఎత్తున నుండవలెను. సీటు పెడళ్లకు సరియైన చోట నుండి, పైకిని క్రిందికిని, ముందుకును వెనుకకును జరుగవలెను. హ్యాండిలును అట్లే సర్దుకొనుటకు వీలుండవలెను. 1898లో లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సభలో ఆయన చేసిన ప్రసంగపు సారము ఇదియే.

ఇక వేగమును నిర్ణయించునది పండ్లచక్రము. కాలి పొడవు నిర్ణయించునది ఫ్రేమును మాత్రమే. కొలది యేండ్లలోనే వజ్రాకారపు ఫ్రేము స్థిరపడెను, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చెను, పెద్ద చక్రపు సైకిలు మూలబడెను.

మన దేశపు పాత సైకిళ్లను 22 అంగుళములు, 24 అంగుళములు అని చెప్పుట పెడళ్ల ఇరుసు మొదలు సీటు గొట్టపు పైకొన వరకు గల పొడవునుబట్టియే. పై కమ్మికి ఇరువైపుల పాదములు మోపి నిలిచినపుడు, కమ్మికి పైన ఒకటి రెండు అంగుళముల సందు ఉండవలెను. సీటుపై కూర్చుండి మడమను క్రింది పెడలుపై ఉంచినపుడు కాలు తిన్నగా చాపబడవలెను. అందులకై సీటు కమ్మిని హద్దు మీరి లాగవలసి వచ్చినచో ఆ ఫ్రేము చిన్నదని గ్రహింపవలెను. తండ్రిగారి సైకిలు కమ్మి క్రిందుగా కాలు దూర్చి కత్తెర త్రొక్కుడు త్రొక్కినవారికి పెద్ద ఫ్రేము బాధ వేరుగ చెప్పనక్కరలేదు.

స్టార్లీ 1901 అక్టోబరులో, నడివయసుననే, హఠాత్తుగా మరణించెను. ఆయన సంస్థ 1904 నుండి మోటారు కార్లు చేసెను. సైకిలు మాత్రము ఆయన పెట్టిన పేరును ఒకచోట నిలుపుకొన్నది: పోలండు భాషలో సైకిలును నేటికిని రోవెర్ అనియే పిలుతురు.