జూయెట్టు దొరగారి నిరీక్షణ

చెన్నపట్టణమునుండి నెల్లూరునకు బోవు పెద్దబాట మన తడ మీదుగా, పులికాటు సరస్సునకు పడమటగా సాగుచున్నది. ఆ బాట చేరు నెల్లూరునందు, ఫలము కానరాని దినములలో ఏండ్ల తరబడి విత్తనము చల్లిన దైవసేవకు డొకరుండిరి. వారే లైమన్ జూయెట్టు దొరగారు.

వారు 1813వ సంవత్సరమున అమెరికాలో జన్మించిరి. విద్య ముగించి, 1849వ సంవత్సరమున భార్యాసమేతముగా నెల్లూరు చేరిరి. అప్పటికే శామ్యూల్ డే దొరగారు 1840 మొదలుకొని అచ్చట పాటుపడి, దేహము చెడి, స్వదేశమునకు బోయి, వీరితోకూడనే మరల వచ్చిరి. విశ్వాసుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపదగినంత స్వల్పము. ఈ మిషనును మూసివేయుట మేలేమో యని అమెరికాలోని పెద్దలు 1848లో ఆలోచించిరి. 1853లో మరల ఆలోచించిరి. ఆ ఆలోచనలు రెండును ఆగిపోయెను.

1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని, తెల్లవారకమునుపే, జూయెట్టు దంపతులు, నర్సు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులతో కూడ ఒంగోలులోని యొక కొండ నెక్కిరి. అయిదుగురును మోకరించి తెలుగువారికొరకు ప్రార్థించిరి. క్రింద కనబడు మిట్టనేల నొకటి చూపి, అది మిషనరీ యింటికి తగిన చోటని దొరగారు తలపోసిరి. ఇంటి మాట యటుండగా, అందు నివసించువాడే లేడు!

ఆ ప్రార్థనకు ప్రత్యుత్తరము పదునొకండేండ్లు ఆలస్యమాయెను. ఆరోగ్యము చెడి 1862లో స్వదేశమునకు బోయిన దొరగారికి, మిషనును విడువవలెనను మాట మూడవమారు ఎదురాయెను. ఎవరు పంపినను పంపకున్నను, తాము తిరిగి వచ్చి తెలుగువారి నడుమనే మరణింతుమని వారు స్థిరముగా జెప్పిరి. ఆ పట్టుదలకు పెద్దలు తలయొగ్గిరి. 1865లో వారితోకూడ జాన్ క్లౌ దొరగారు నెల్లూరు చేరి, 1866లో ఒంగోలునకు బోయి, నాడు కొండమీదినుండి చూపిన ఆ చోటనే కాపురముండిరి.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు ధాత కరవు దాపురించెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో కొంతభాగమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి కూలి గల్పించిరి. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, కరవు తీరువరకు బాప్తిస్మములను నిలిపివేసిరి. తుదకు 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యేటియందు వెల్లంపల్లి రేవున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ పంటను కోసినవారిలో జూయెట్టు దొరగారు లేరు. వారు చెన్నపట్టణమునకు మారి, తెలుగు క్రొత్త నిబంధనను సవరించు పనియందు శ్రమించిరి. 1897లో అమెరికాయందే కన్నుమూసిరి. తెలుగువారి నడుమ మరణింపవలెనను కోరికయు నెరవేరలేదు. అయినను వారు సణిగినవారు కారు.

బాలబాలికలారా! పరీక్ష తప్పిననాడును, ఇంట వ్యాధియో ఋణమో వచ్చిననాడును, దేవుడు మరచెనని తలంపకుడు. ఆలస్యము నిరాకరణము కాదు. విత్తువాడొకడు, కోయువాడొకడు కావచ్చును. పొలము మాత్ర మొక్క యజమానునిదే. నర్సు, జూలియా, రూతు అనువారు మనవంటి తెలుగువారే యని మరువకుడు.