మంచు నడిగిన ప్రశ్న: ఫ్రిట్యోఫ్ నాన్సెన్

నాన్సెన్ పేరు వినగానే ఉత్తర ధ్రువ యాత్రలూ, 1922లో ఆయనకు లభించిన నోబెల్ శాంతి బహుమానమూ జ్ఞప్తికి వస్తాయి. తీరపు నీరు నడిసంద్రానికి తరలిపోయి, దాని స్థానంలో లోతులనుండి చల్లని నీరు ఎందుకు పైకి వస్తుందో లోకం గ్రహించడంలో కూడ ఆయనకు పాలున్నదని తెలిసినవారు తక్కువ. మేమిక్కడ ముఖ్యంగా ఆ సంగతినే ప్రస్తావించదలచాము.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వేలో, నేటి ఓస్లో నగరం చెంత జన్మించాడు. జంతుశాస్త్రం అభ్యసించి, బెర్గెన్ మ్యూజియంలో పనిచేసి, 1888లో స్కీలపై గ్రీన్లాండును అడ్డంగా దాటి ప్రసిద్ధుడైనాడు.

సైబీరియాకు ఉత్తరాన 1881లో మంచు నలిపివేసిన జెన్నెట్ అనే ఓడ శిథిలాలు మూడేండ్ల తరువాత గ్రీన్లాండు తీరానికి కొట్టుకొని వచ్చాయి. వాటిని మోసుకొచ్చిన ప్రవాహం తన ఓడను మాత్రం మోయదా అని నాన్సెన్ తలపోశాడు. మంచు బిగించినకొద్దీ నలగక పైకి జారే గుండ్రని అడుగుతో ఫ్రామ్ అనే ఓడను కట్టించి, 1893లో దానిని కావాలనే మంచులో చిక్కించాడు. అనుభవజ్ఞులు కొందరు దీనిని వెర్రిసాహస మన్నారు. 1895లో ఒక్క సహచరునితో ఓడ దిగి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం వరకు పోయి వెనుదిరిగాడు. ధ్రువం అందలేదు. మా దృష్టిలో ఆ యాత్రలో దక్కిన నిధి వేరు.

ఓడనుండి గాలి దిక్కునూ మంచు కదలికనూ గమనించగా, మంచు గాలి వెంట పోక, దానికి 20 నుండి 40 డిగ్రీలు కుడివైపునకు పోతున్నట్లు తేలింది. ఇది భూభ్రమణ ఫలమనీ, నీటిలో ప్రతి పొరా తన క్రింది పొరను ఈడ్చుతూ ఇంకా కుడికి మళ్ళిస్తుందనీ నాన్సెన్ ఊహించాడు. ఊహను గణితంగా నిరూపించే పని తాను తలపెట్టలేదు. యూరప్ అంతా హారతులు పట్టిన ఆ వీరుడు తన ప్రశ్నను బ్యెర్క్‌నెస్ అనే ఆచార్యుని ముందుంచగా, ఆయన దానిని ఎక్మన్ అనే విద్యార్థికి అప్పగించాడు. కీర్తి దక్కే ప్రశ్నను ముక్కూమొగమూ తెలియని కుర్రవాని చేతికి పోనివ్వడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. 1902లోను, మరింత విపులంగా 1905లోను ఎక్మన్ సమాధానం వెలువడింది.

దాని సారమిది. గాలి కదిలించిన పైనీటి నంతటినీ కలిపి లెక్కిస్తే, అది ఉత్తరార్ధగోళంలో గాలికి సరిగా లంబంగా కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు తరలుతుంది. కనుక పెరూ తీరం వెంట దక్షిణపు గాలి వీచినప్పుడు తీరజలం పడమటికి, అనగా సముద్రంలోనికి పోతుంది. ఆ లోటును పూడ్చుటకు లోతులలోని చల్లని నీరు పైకి వచ్చి, అదికూడ బయటికి సాగుతుంది. ఆ నీటితో వచ్చే పోషక లవణాలవల్లనే అక్కడి చేపల సమృద్ధి. మన విశాఖ తీరంలోనూ వేసవిలో నైరుతి గాలి తీరం వెంట వీచినప్పుడు ఇట్లే జరుగుతుంది. 1950 దశకంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు లఫాండ్ దీనిని పరిశోధించాడు.

నాన్సెన్ 1921 నుండి నానాజాతి సమితి పక్షాన శరణార్థుల సేవకు పూనుకున్నాడు. దేశం కోల్పోయిన రష్యన్లకూ ఆర్మీనియన్లకూ ఆయన పేరిట వెలసిన పాస్‌పోర్టులే ఆధార మైనాయి. 1930 మే 13న కన్నుమూశాడు. లోతు నీటిని పట్టి తెచ్చుటకు ఆయన రూపొందించిన లోహపు సీసాను పరిశోధక నౌకలు దశాబ్దాలపాటు వాడాయి.